గోళ్లకు నేరేడు రంగు, వాకిట్లో బతుకమ్మ

హైదరాబాద్‌లో తక్కువ పైసలతో ఎక్కువ రంగులు చూడాలంటే కోఠి పక్కనున్న సుల్తాన్ బజార్‌కు పోవాలి. మెట్రో గ్రీన్ లైన్‌లో స్టేషన్ పేరు కూడా అదే. మెట్లు దిగితే చాలు, చున్నీలు, హెయిర్ క్లిప్పులు, బొట్టుబిళ్లలు, చెవి దిద్దులు, డ్రెస్ మెటీరియళ్లు అన్నీ మీదికొస్తుంటాయి. పండుగ సీజన్‌లో అయితే ఇక్కడ నడవడం అంటూ ఉండదు. వెనకోళ్లు తోస్తుంటే ముందుకు పోవడమే.

ఒకప్పుడు ఈ బజారును రెసిడెన్సీ బజార్ అనేవాళ్లు. పక్కనే బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది కాబట్టి ఆ పేరు. ఎత్తైన స్తంభాలతో ఉన్న ఆ భవనాన్ని 1800ల మొదట్లో అప్పటి రెసిడెంట్ జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నీసాను ఆయన పెళ్లి చేసుకోవడం అప్పట్లో పెద్ద గొడవే అయింది. ఇప్పుడు ఆ ఆవరణ ఆడపిల్లలు చదువుకునే మహిళా విశ్వవిద్యాలయం. అందుకే ఈ బజారులో కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయిలు ఎప్పుడూ కనిపిస్తుంటారు. వాళ్ల పర్సు సైజు ఎంతో ఇక్కడి షాపువాళ్లకు బాగా తెలుసు.

నేను ఈసారి రెండు పనులు పెట్టుకుని దిగాను. ఒకటి, సద్దుల బతుకమ్మకు ఊరికి పోయేలోపు అమ్మకు గాజులు కొనడం. రెండు, నాకోసం ఒక ముదురు రంగు మ్యాట్ నెయిల్ పాలిష్ కొనడం. రీల్స్‌లో చూసీ చూసీ మనసు లాగింది. మెరుపు లేకుండా, మెత్తని గుడ్డ చుట్టినట్టు ఉండే ఆ నల్లటి గోళ్లు నా చేతికి ఎట్లుంటాయో చూడాలి. మాది కోరుట్ల వైపు ఊరు. మా వాకిట్లో ఆ రంగు ఎట్లుంటుందో అది ఇంకో ప్రశ్న.

సీసా చూసి కొనండి

సందులో ఒక చిన్న షాపు. గోడంతా సీసాలే. "క్యా హోనా బేటీ?" అన్నాడు చాచా. "డార్క్ కలర్. గ్లాసీ నక్కో, మ్యాట్ హోనా" అన్నాను. ఆయన నా ముందు ఐదారు పెట్టాడు. బొగ్గు నలుపు, సీసం రంగు, ముదురు ఆకుపచ్చ, కాఫీ గింజ రంగు, ఇంకా బాగా పండిన నేరేడు పండు రంగు. చివరిది చూడగానే చెయ్యి ఆగింది. నీడలో నలుపు, ఎండలో ఊదా. నూటయాభై అన్నాడు, నూట ఇరవైకి ఇచ్చాడు.

మ్యాట్ సీసా కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మ్యాట్ పాలిష్‌లో మెరుపును చంపడానికి సిలికా లాంటి చాలా సన్నని పొడి కలుపుతారు. సీసా చాలారోజులు కదలకుండా ఉంటే అది అడుక్కు దిగుతుంది. కొద్దిగా దిగితే పర్వాలేదు, రెండు అరచేతుల మధ్య సీసాను దొర్లిస్తే కలిసిపోతుంది. గట్టిగా పైకీ కిందికీ ఊపితే మాత్రం బుడగలు లేస్తాయి, అవి గోరు మీద చిన్న గుంతల్లా కనిపిస్తాయి. అడుగున గడ్డకట్టి కదలకపోతే ఆ సీసా వద్దు. తయారైన తేదీ, ధర, లోపల ఏమున్నాయో రాసిన లేబుల్ లేని సీసా ఎంత చవకైనా వద్దు. టొల్యూన్, ఫార్మాల్డిహైడ్, డీబీపీ అనే మూడూ లేవని రాసి ఉంటే ఇంకా మంచిది.

లాడ్ బజార్‌లో పాత లక్క

కోఠి నుంచి ఆటోలో చార్మినార్. 1591లో కట్టిన మినార్లకు పడమటి వైపు సందు లాడ్ బజార్. ఇక్కడ గాజులంటే గాజుతో చేసినవి కావు, లక్కతో చేసినవి. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు వదిలే బంక లాంటి పదార్థమే లక్క. దాన్ని బొగ్గుల వేడి మీద మెత్తబరిచి, తాడులా సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి ఉండగానే ఒక్కో రాయినీ, అద్దపు ముక్కనూ చేత్తో అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది.

అమ్మకు ఆకుపచ్చ జత తీసుకుంటూ ఉంటే ఒక విషయం తట్టింది. నా బ్యాగులో ఉన్న సీసాకూ ఈ గాజులకూ పేరులో చుట్టరికం ఉంది. నెయిల్ పాలిష్‌ను నెయిల్ లక్కర్ అని కూడా అంటారు కదా, ఆ లక్కర్ మన లక్క నుంచి పోయిన మాటే. మన పాత కావ్యాల్లో ఆడవాళ్లు పాదాలకు పూసుకునే లత్తుక కూడా లక్క రంగే. ఇప్పటి సీసాలో మాత్రం లక్క లేదు, నైట్రోసెల్యులోజ్ ఉంటుంది. 1920లలో కార్లకు వేసిన, తొందరగా ఆరే పెయింట్లలో వాడింది కూడా దాన్నే. అంటే మన గోటి మీద ఉన్నది కారు పెయింట్‌కు చుట్టం.

గోరింటాకు సంగతి వేరు. అది గోటి లోపలికి దిగి పండుతుంది, ఎవరూ తుడవలేరు, గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. పాలిష్ గోటి పైన కూర్చునే పొర. నచ్చకపోతే పది నిమిషాల్లో తీసేయొచ్చు. ఊరికి పోయేటప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది ఆ పది నిమిషాలే.

జేబీఎస్ నుంచి జీరో టికెట్

ఎంజీబీఎస్‌లో మళ్లీ మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ జేబీఎస్. అక్కడి నుంచి కరీంనగర్ మీదుగా మా వైపు బస్సులు. 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో మాకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. పండుగ ముందు రోజు కాబట్టి సీటు కూడా లేదు. సిద్దిపేట దాకా నిలబడ్డాను, అక్కడ ఒక పెద్దమ్మ జరిగి కూర్చోబెట్టింది. మిగిలిన ఛార్జీ పైసలే నేరేడు రంగు సీసా అయిందని చెబితే నవ్వింది.

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ చాలా ఫేమస్. లారీల మీద పెద్ద పెద్ద బండలు పోతుంటాయి. మ్యాట్ అంటే ఏందో అర్థం కావాలంటే ఆ బండను చూడాలి. కోసి పాలిష్ చేసిన పలకలో మన ముఖం కనిపిస్తుంది, ఎందుకంటే పైభాగం నున్నగా ఉండి వెలుతురును ఒకే దిక్కుకు పంపిస్తుంది. పాలిష్ చేయని బండ అదే రాయి, అదే రంగు. కానీ పైన గరుకు కాబట్టి వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది, మెరుపుండదు. గ్లాసీకీ మ్యాట్‌కూ తేడా అంతే. సీసాలోని సన్నని పొడి గోటి మీద ఆ గరుకును తెస్తుంది.

కొండగట్టు దాటేసరికి పొద్దు వాలింది. రోడ్డు పక్కన పసుపు పచ్చగా తంగేడు. జగిత్యాలలో సగం బస్సు దిగిపోయింది. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది.

వసారాలో ట్రయల్

మా ఇంట్లో సాయంత్రం అంటే తంబాకు వాసన. అమ్మ ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, దారం ఉండ. మా వైపు చాలా ఇళ్లలో ఇదే పని. ఒకప్పుడు పిల్లకు బీడీలు చేయడం వస్తదా అని పెళ్లిచూపుల్లో అడిగేవాళ్లు. అమ్మకు పదేళ్ల వయసులోనే నేర్పారు. నాకు మాత్రం నేర్పలేదు. చిన్నప్పుడు చాట దగ్గరికి పోతే చేతి మీద ఒక్కటి వేసి పుస్తకం దగ్గరికి పంపేది.

నేను వసారాలో దూరంగా కూర్చున్నాను. పాలిష్‌కూ, రిమూవర్‌కూ నిప్పు దగ్గర పనికిరాదు, తొందరగా అంటుకుంటాయి. గ్యాస్ పొయ్యి పక్కన, దీపం పక్కన పెట్టుకోవద్దు. వాసన ఘాటు కాబట్టి గాలి ఆడాలి.

మొదటి పని, గోళ్ల మీద జిడ్డు తీయడం. దూదికి కొంచెం రిమూవర్ అద్ది ఒక్కసారి తుడిస్తే చాలు, గోటికి పాలిష్ లేకపోయినా ఇది చేయాలి. తర్వాత బేస్ కోట్, అంటే రంగులేని పొర. ముదురు రంగుకు ఇది తప్పనిసరి. లేకపోతే తీసేసిన తర్వాత గోరు పసుపు తిరిగి కనిపిస్తుంది. పైగా మ్యాట్ దాచదు, చూపిస్తుంది. గోటి మీద నిలువు గీతలుంటే మెరుపులో కలిసిపోతాయి, మ్యాట్‌లో లేచి కనబడతాయి. బేస్ కోట్ ఆ గీతలను కొంత సమం చేస్తుంది.

ఇక రంగు. మ్యాట్ చాలా తొందరగా ఆరుతుంది. మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి, మూడు గీతల్లో గోరు అయిపోవాలి. ఆరుతున్న చోట మళ్లీ బ్రష్ పెడితే చారలు పడతాయి. గోటి మొదట్లో చర్మానికి వెంట్రుకంత ఖాళీ వదిలితే నీట్‌గా ఉంటుంది. చివరి అంచు మీద కూడా బ్రష్‌ను ఒకసారి లాగితే రంగు తొందరగా ఊడదు. మొదటి పొర పల్చగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. రెండో పల్చటి పొరతో నిండిపోతుంది. ఒకే మందపు పొర వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది.

అసలు మజా ఆరేటప్పుడు ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు అన్ని పాలిష్‌ల లాగే మెరుస్తుంది. ఒక నిమిషం గడిచేలోపు అంచుల నుంచి మెరుపు లోపలికి ముడుచుకుంటూ పోతుంది, చెరువు ఎండినట్టు. పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడటం మానేసినట్టు. నేను లైట్ కింద చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. నా చేతులు అంత బాగుంటాయని నాకు తెలియదు.

"గదేం రంగు బిడ్డా?"

మొదట చూసింది చిన్నమ్మ. "గదేం రంగే పిల్లా, తలుపుల నడుమ వేలు పడ్డట్టు" అంది. బాపమ్మ దగ్గరికి లాక్కొని చూసి, "పండుగ పూట నల్లగ ఏందే, ఎర్రది దొరకలేదా" అంది. నల్లది కాదు బాపమ్మా, నేరేడు రంగు అన్నాను. "నేరేడు పండు తింటరు, పూసుకుంటరా" అని ఆమె నవ్వింది. తమ్ముడు ఫోన్ తీసి, అక్క దయ్యం సినిమాలో చేసిందని స్టేటస్ పెట్టాడు.

అమ్మ ఏమీ అనలేదు. కట్ట కట్టడం అయిపోయాక చాట పక్కన పెట్టి, నా చెయ్యి తీసుకొని తన చెయ్యి పక్కన పెట్టింది. అమ్మ బొటనవేలు, చూపుడు వేలు తంబాకుతో గోధుమ రంగు తిరిగి ఉంటాయి. గోళ్ల అంచులు నల్లగా ఉంటాయి. పెళ్లికో, పేరంటానికో పోవాలంటే ముందు రోజు నుంచే నిమ్మచెక్కతో తోముతుంది. అప్పటికీ పూర్తిగా పోదు.

"నేను పోగొట్టుకోను తండ్లాడే రంగును నువ్వు పైసలు పెట్టి కొనుక్కున్నవా బిడ్డా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు చేతులూ పక్కపక్కనే ఉన్నాయి, రంగులో పెద్ద తేడా కూడా లేదు. తేడా అంతా ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది. నాది రిమూవర్ పెడితే పోతుంది. అమ్మది పని మానేస్తేనే పోతుంది. నాకు బీడీలు నేర్పకుండా కాపాడింది ఈ గోళ్లనేనని ఆ రాత్రి బాగా తెలిసింది. నచ్చిన రంగు పూసుకునే ఖాళీ గోళ్లు నాకు ఊరికే రాలేదు.

"తీసేయాల్నా అమ్మా?" అన్నాను.

"ఎందుకు తీస్తవ్? మంచిగనే ఉన్నయి. నీ చేతులు తెల్లగ కనబడుతున్నయి" అంది. కొంచెం ఆగి, "రేపు బతుకమ్మ కాడ అందరూ చూస్తరు. చూడనీ" అంది.

చప్పట్ల మధ్య చేతులు

బతుకమ్మ ఆట అంటే చేతులు దాచుకునే ఆట కాదు. గుండ్రంగా తిరుగుతూ వంగి, లేచి చప్పట్లు కొట్టాలి. అందరి చూపూ పూల మీద ఎంత ఉంటుందో చేతుల మీదా అంతే ఉంటుంది. ఎవరి గాజులు కొత్తవి, ఎవరి గోరింటాకు ఎర్రగా పండింది, అన్నీ లెక్కకొస్తాయి.

పొద్దున గునుగు పూలకు రంగులు అద్దే పని నాది. గులాబి, నీలం, ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచి తీయాలి. పనయ్యాక అందరి గోళ్ల సందుల్లో రంగే, నా గోళ్ల మీద మాత్రం ఏమీ తెలియలేదు. ముదురు రంగుతో వచ్చే లాభం ఇది. మధ్యాహ్నం మలీద ముద్దలు కట్టేటప్పుడు ఇంకో తమాషా జరిగింది. నెయ్యి తగలగానే మ్యాట్ అంతా మెరవడం మొదలుపెట్టింది. ఆ గరుకు సందులను జిడ్డు నింపేస్తుంది కాబట్టి నున్నగా అయిపోతుంది. సబ్బుతో కడిగితే మళ్లీ పాత రూపం. మ్యాట్ వేసుకున్నవాళ్లు కొబ్బరినూనె, లోషన్ రాశాక గోళ్లు మాత్రం తుడుచుకోవాలి. మెరిసే టాప్ కోట్ వేస్తే మ్యాట్ పోతుంది, కావాలంటే మ్యాట్ టాప్ కోట్ విడిగా దొరుకుతుంది.

సాయంత్రం గుడి ముందర ఆటలో నా పక్కన ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి మూడు చుట్లు తిరిగేదాకా ఓపిక పట్టి, "అక్కా, గది ఏం షేడ్?" అని అడిగింది. ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు మూతి తిప్పారు. ఒక వదిన, "హైదరాబాద్ పోతే గోళ్లు గూడ మాడిపోతయా?" అంది. నాకంటే ముందు అమ్మ అందుకుంది: "మాడలేదు వదినా. తంబాకు అంటని గోళ్లు. ఏది పూసినా నిలుస్తది." వదిన నవ్వి ఊరుకుంది. ఆమె చేతులూ అమ్మ చేతుల్లాంటివే.

అమ్మకు ఎక్కడ పెట్టాలి?

చెరువు నుంచి వచ్చాక, నీకు కూడా పెడతా అన్నాను. అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. సిగ్గు కాదు, కారణాలు చెప్పింది. బీడీ మూతి మడిచేది చూపుడు వేలి గోటితోనే. కొందరు చిన్న ఇనుప ముక్క వాడతారు, అమ్మకు అది అలవాటు లేదు. పాలిష్ పెచ్చులు ఊడి ఆకులో పడితే కార్ఖానాలో ఆ కట్ట పక్కన పడేస్తారు. పైగా దసరా పోయాక దగ్గుకు చూపించుకోవడానికి దవాఖానకు పోవాలి.

"అక్కడ వేలికి క్లిప్పు పెడ్తరు. గోళ్లు గూడ చూస్తరు" అంది.

ఆ మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి. వేలికి పెట్టే ఆ పల్స్ ఆక్సీమీటర్ గోటి గుండా వెలుతురు పంపి ఆక్సిజన్‌ను లెక్కిస్తుంది. నలుపు, నీలం లాంటి ముదురు పాలిష్ ఉంటే రీడింగ్ తేడా రావొచ్చు. రక్తం తక్కువగా ఉందా అని డాక్టర్ గోటి రంగు కూడా చూస్తారు. ఆపరేషన్ ఉన్నా, దవాఖానకు పోవాల్సి వచ్చినా ముందే పాలిష్ తీసేసి వెళ్లడం మంచిది.

అందుకని చేతులు వద్దంది. మరి? కాళ్లు చాపింది. "ఈడ పెట్టు. ఇవి బీడీలు చేయవు" అంది.

ఎర్రది కొనలేదే అన్నాను. "గదే పెట్టు, నేరేడు పండుది" అంది. అమ్మ కాలివేళ్లు గట్టివి, మెట్టెల పక్కన గోళ్లు చిన్నవి. బేస్ కోట్, రెండు పొరలు. ఆరేటప్పుడు మెరుపు ముడుచుకుపోవడాన్ని ఆమె కూడా వంగి చూసింది. బాపమ్మ గడప మీద నుంచి, "తల్లీబిడ్డలకు పిచ్చి" అంది. ఐదు నిమిషాలకు, "ఎంత పడ్డదే అది" అని అడిగింది.

తీసేటప్పుడు

మూడో రోజుకి నా చేతి గోళ్ల అంచుల్లో పెచ్చులు లేచాయి. మ్యాట్ మామూలు పాలిష్ కంటే తొందరగా ఊడుతుంది, గిన్నెలు తోమితే ఇంకా తొందరగా. పెచ్చును గోటితో గీకితే కింద గోటి పొర కూడా లేస్తుంది, ఆ పని చేయొద్దు. రిమూవర్‌లో ముంచిన దూదిని గోటి మీద పది సెకండ్లు అదిమి పట్టి, మొదటి నుంచి చివరికి ఒకే లాగుడు లాగాలి. అటూ ఇటూ రుద్దితే ముదురు రంగు చర్మానికి అంటి, నిజంగానే బొగ్గు పిసికిన చేతుల్లా అవుతాయి. తర్వాత కడిగి, కొబ్బరినూనె రాసి, గోళ్లకు నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వండి.

నేను హైదరాబాద్‌కు తిరిగొచ్చాక సీసా ఊళ్లోనే వదిలేశాను. అమ్మ దగ్గు పరీక్షలు అయ్యాయి, మందులిచ్చారు, తంబాకు దుమ్ముకు దూరంగా ఉండమన్నారు. ఎంతవరకు ఉంటుందో ఇంట్లో మాట్లాడుకుంటున్నాం.

దీపావళికి వీడియో కాల్ చేస్తే తమ్ముడు ఫోన్ కిందికి తిప్పి చూపించాడు. మెట్టెల పక్కన నేరేడు రంగు ఇంకా ఉంది. మొదట్లో సన్నగా, ఒక గీతంత కొత్త గోరు వచ్చింది. "ఊడలేదే ఇది?" అంది అమ్మ. కాలిగోళ్లు మెల్లగా పెరుగుతాయి, వాటికి పని రాపిడి కూడా తక్కువ అని చెప్పాను. "అయితే సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకోటి పట్టుకరా. బాపమ్మ ఎర్రది అడుగుతున్నది" అంది.